పొలములోని శబ్దములు – వాని చీటి, వాని వాటా

విత్తనపు బస్తాకు చీటి లేనిచో అది విత్తనము కాదు, వట్టి ధాన్యము. ఈ మాట మన సభ్యులలో నెఱుగనివారు లేరు. గింజ అదే, తూకమదే. కాని యే రకమో, యే యేట పండినదో, మొలక శాతమెంతో తెలుపు కాగితపు ముక్క దానితో లేనప్పుడు దానిని నమ్మి నారుమడిలో చల్లు ధైర్యమెవరికిని గలుగదు. 1966 వ సంవత్సరపు విత్తనముల చట్టమును ఆ చీటినే ముఖ్యముగా నిర్బంధించినది. బాపట్ల పరిశోధనస్థానమున బుట్టి 1986 లో విడుదలయైన సాంబమసూరి నేటికిని బి.పి.టి. 5204 అను తన చీటి పేరుతోనే ఊరూర పిలువబడుచున్నది. ఈ నెల మేము విత్తనమును గూర్చి గాక శబ్దమును గూర్చి వ్రాయబూనితిమి. అయినను సోదర కర్షకులు చీటి మాట మఱువకుందురు గాక. మేము చెప్పదలచినదంతయు దానిపైననే నడచును.

కొన్ని దేశములలో వారమంతయు తమ ఉద్యోగములు చేసికొని, శని ఆదివారములందు పల్లెపట్టులకు బోయి శబ్దములను పట్టుకొనుట వేడుకగా బెట్టుకొనినవారు కలరు. ఒకడు గాలము బట్టుకొని చేపలకు బోవునట్లే వీరు శబ్దగ్రహణ యంత్రమును బట్టుకొని పొలములకు బోవుదురు. బ్రిటను దేశమున 1968 లో వైల్డ్‌లైఫ్ సౌండ్ రికార్డింగ్ సొసైటీ యను సంఘము వన్యప్రాణుల శబ్దములను సేకరించువారికై యేర్పడినది. అందలి సభ్యులు అప్పుడప్పుడు ఒక పల్లెపట్టున గూడి పక్షుల కూతలను, కీటకముల రొదను, ఏటినీటి సవ్వడిని యంత్రమున కెక్కించి, ఒకరి సేకరణమొకరు విందురు. సభ్యులు పంపినవానిని కూర్చి శ్రవణసంచికలుగా సభ్యులకే పంచుదురు. ఎవరి పంట వారు తెచ్చి యొక్క గాదెలో బోసి, అందఱును పంచుకొను ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. సహకారమన నిదియే కదా.

ఈ విద్య పుట్టి నూటయేబది యేండ్లు కావచ్చినది. అమెరికావాసియగు ఎడిసను 1877 లో రేకుచుట్టపై మనుష్యకంఠమును నిలిపి మరల పలికించెను. 1889 లో జర్మనీ దేశమున లుడ్విగ్ కోక్ అను ఎనిమిదేండ్ల బాలుడు, తండ్రి యిచ్చిన యంత్రముతో, ఇంట బంజరమున నున్న పక్షి పాటను మైనపు గొట్టముపై కెక్కించెను. పక్షికూతలలో నేటికి మిగిలియున్నవాటిలో మొదటిదిగా నెంచబడునది యిదియే. ఆ పక్షి యే దేశపుదనుకొందురు? మన దేశపు అడవులలో తిరుగు షామా జాతిది. ఆ కోక్ పెరిగి పెద్దవాడై, 1936 లో స్వదేశము విడిచి ఇంగ్లండు చేరి, అచట పక్షుల పాటలను ఇంటింట వినిపించి ప్రసిద్ధుడయ్యెను. బాలుని వేడుక, చీటితో భద్రముగా నుండుటవలన, లోకమునకు సొమ్మైనది.

మన దేశమున పలకలపై పాటలెక్కించుట 1902 లో కలకత్తాలో మొదలైనది. 1908 నాటికి పలకలు చేయు కార్మాగారమును అచటనే వెలసినది. ఆ నల్లని పలకలలో ముఖ్యమైన సరకు లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్నపురుగులు పెట్టు లక్కను కొట్టి తెచ్చి యమ్మినవారు బీహారు, ఛోటానాగపూరు ప్రాంతములలోని పల్లెవారు. కాబట్టి గ్రామఫోను పలకయు ఒక విధముగా చెట్టుపంటయే. అది నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల పలక ఒక ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములు పలుకును. ఇందుండి యొక సంగతి గ్రహింపదగును. రాగము తీయు విద్వాంసుడైనను, పద్యము చదువు నటుడైనను మూడు నిమిషములలో ముగింపవలసినదే. మడి యీ గట్టున మొదలై యా గట్టున ముగియు నాట్లపాటకు ఆ పలకపై చోటెక్కడిది?

మన వేమూరునకు ఈ విషయమున దగ్గఱి సంబంధమొకటి గలదు. తొలినాటి రంగస్థలనటులలోను, గాయకులలోను పేరొందిన వేమూరి గగ్గయ్యగారు (1895–1955) ఈ యూరివారే. 1933 నాటి సావిత్రి చిత్రమున యమధర్మరాజు పాత్ర ధరించిరి. ఆయన పద్యములు పలకలకెక్కి యూరూర మ్రోగినవి. పలక నడుమ నంటించిన కాగితముపై ఆయన పేరుండుటచే ఇది గగ్గయ్యగారి కంఠమని నేటివారును చెప్పగలుగుచున్నారు. ఆ దినములలోనే ఈ యూరి మళ్లలో ప్రొద్దు పొడిచినది మొదలు వాలువఱకు నడుము వంచి నాట్లు వేయుచు పాడిన స్త్రీలెందఱో. గంటల లెక్క చూచినచో వారు పాడినది ఏ నటుడును పాడియుండడు. వారిలో నొకరి పేరుతోనైనను ఒక పలకను మేము వినియుండలేదు. ఒక యూరి గాలిలోనే రెండు విధముల కంఠములు. ఒకదానికి చీటి దొరకినది, ఒకదానికి దొరకలేదు.

ప్రభుత్వమువారును ఈ పనికి పూనుకొనకపోలేదు. గ్రియర్‌సను దొరగారి భారతభాషా పరిశీలనకు అనుబంధముగా 1913 మొదలు 1929 వఱకు దేశములోని అనేక భాషల పలుకుబడులను పలకలకెక్కించిరి. అన్ని భాషలవారిచేతను ముఖ్యముగా చదివించిన కథ యొక్కటియే: లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని కథ. తండ్రి యాస్తిలో తన పాలు అడిగి పుచ్చుకొని, దూరదేశమున దానిని పాడుచేసి, కఱవు వచ్చినప్పుడు పందులను మేపి, తుదకు ఇల్లు చేరిన చిన్నకొడుకు కథయది. కథ యొక్కటియే యైనప్పుడు పలుకులోని భేదము స్పష్టముగా దెలియునని వారి యూహ. మదరాసు ప్రభుత్వమువారు తమ రాజధానిలోని భాషల పలకలలో నున్న పాఠములను 1927 లో పుస్తకముగా అచ్చువేయించిరి. నేడు ఆ పలకలలో పెక్కింటిని చికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా గ్రంథాలయము ద్వారా అంతర్జాలమున ఎవరైనను వినవచ్చును. గరగరలాడు ఆ ధ్వనిని నేటివారు పోల్చుకొనగలుగుట, ప్రక్కన పాఠము వ్రాసియుంచుటచేతనే.

పలక పోయి అయస్కాంతపు టేపు వచ్చిన పిమ్మట కాలపు కట్టుబాటు సడలినది. 1974 లో జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు మన పొరుగు పల్నాడునకు వచ్చి, వీరవిద్యావంతులు పాడు పల్నాటి వీరుల కథను టేపులపై కెక్కించి, దానిని ఆంగ్లమున కనువదించి 1982 లో ఆక్స్‌ఫర్డు ముద్రణగా వెలువరించెను. కారెంపూడిలో ఏటేట వీరుల యుత్సవమునందు ఈ కథ గానము చేయు సంప్రదాయమును మీరెఱుగుదురు. ఆ గ్రంథమునందు కథ పాడిన అలిసెట్టి గాలెయ్యగారి పేరు స్పష్టముగా నున్నది. దూరదేశపు పండితులు పల్నాటి కథను చదివినప్పుడు గాలెయ్య యను పేరును గూడ చదువుచున్నారు. చీటి యనగా నిది.

ఇక మన యూరి మాటకు వత్తము. అట్టి వేడుకసంఘ మొకటి శ్రావణమాసమున ఒక శనివారము సాయంకాలము తెనాలి–రేపల్లె రైలులో వచ్చి వేమూరు స్టేషనున దిగినదనుకొందము. ఒక రాత్రి, ఒక పగలు వారికేమి వినవచ్చును?

ప్రొద్దు గ్రుంకక ముందే కాలువగట్టున తాడిచెట్ల నుండి గిజిగాండ్ల కలకలము వినవచ్చును. అవి వానకారునందే గూళ్లల్లును గదా. చీకటి పడగానే మళ్లలో కప్పల బెకబెక ఆరంభమగును. మనకది యంతయు నొక్కటే రొద. చెవిగలవాడు వినినచో ఒక్కొక్క జాతి కప్పకు ఒక్కొక్క పిలుపు గలదు. మగకప్ప పిలుచునది ఆడుకప్పను. ఏ జాతి పిలుపు ఏ యేట వినరాకపోయినదో వ్రాసియుంచినచో మళ్ల నీటికి, మనము చల్లు మందులకు సంబంధించిన సంగతులు కొన్ని దానినుండి విచారింపవచ్చును. నడిరేయి చావుపిట్ట కీచుమని యరచును. పేరు విని మనవారు జడియుదురు గాని అది రాత్రియంతయు తినునది మన ధాన్యము దిను ఎలుకలనే.

యంత్రమునకు గాని వినరానివియు కొన్ని గలవు. వరిదుబ్బు మొదట చేరు సుడిదోమ తన జంటను పిలుచునది గాలిలో గాదు. కడుపుభాగమును కంపింపజేసి వరికాడ గుండ వణకును పంపును. ఈ సంగతిని జపాను శాస్త్రజ్ఞులు 1970 వ దశకమున నిరూపించిరి. మన మడిలో మనకు వినబడకుండ ఈ సంభాషణము నడచుచునే యున్నది. కొబ్బరిమానులో దూరిన ఎఱ్ఱముక్కు పురుగు పిల్లలు నమలు చప్పుడైనచో మానునకు చెవి యానించి వినువారు మనలోను గలరు. అదే పనిని నేడు శబ్దయంత్రములచే జేయుచున్నారు. కావున వినుటయను విద్య పనిలేనివారి వేడుక మాత్రమే యని తలపరాదు.

తెల్లవాఱుజామున కోకిల, ఏట్రింత మొదలగునవి కూయును. ఈ కూతలను భద్రపఱచుటవలన ప్రయోజనమేమి యని యడుగువారికి ఒక దృష్టాంతము చెప్పెదము. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 1929 లో పక్షికూతలను సేకరింప మొదలిడిరి. 1935 లో లూసియానా అడవులలో దంతపుముక్కు వడ్రంగిపిట్ట కూతను యంత్రమున కెక్కించిరి. 1944 తరువాత ఆ పక్షిని చూచినట్లు అందఱు నంగీకరించిన సాక్ష్యము లేదు. అడవి నఱకబడెను, పక్షి కనుమఱుగయ్యెను. కూత మాత్రము కార్నెల్‌వారి భాండారమున మిగిలినది.

మన యూరి శబ్దములలోను అట్టి వడ్రంగిపిట్టలు పెక్కు గలవు. గూడ వేయుచు ఇద్దఱు మనుష్యులు తాళ్లు లాగి లెక్క పెట్టుకొను పాట, ఆయిలింజను రాకతో తగ్గి, విద్యుత్తు మోటారుతో ఇంచుమించు పోయినది. కళ్లమున ఎడ్లను బంతి గట్టి త్రొక్కించునప్పటి అదలింపులు వరికోత యంత్రము వచ్చిన పిమ్మట వినరావు. ధాన్యము కుంచముతో కొలుచునప్పుడు 'ఒకటి' యనక 'లాభము' అని మొదలిడి, 'రెండు, మూడు' అని రాగముగా సాగించు కొలత కంఠములు కాటా పెట్టిన తరువాత మూగవోయినవి. నాట్లపాట యింకను కొంత మిగిలియున్నది. కాని యెకరమునకు ఇంతయని గుత్తకు దిగిన ముఠాకు పాటకు తీఱిక తక్కువ. వెదజల్లు పద్ధతి పెరిగినకొలది ఆ ముఠాలే తగ్గుచున్నవి. మేము వెదజల్లు పద్ధతిని, యంత్రములను వలదనువారము కాము. వానిని పొలమున జూపించుటయే మా వృత్తి. నడుమునొప్పి తగ్గుట మంచిదే. పని పోవునప్పుడు దానితోబాటు పోవు పాటను ముందుగా వ్రాసికొని, విని యుంచుకొనవలెననియే మా మనవి.

ఇచట మన రైతుసోదరులకు ఒక మాట నిస్సంకోచముగా చెప్పవలసియున్నది. పాటలు సేకరింప వచ్చినవారు సాధారణముగా మొదట కామందు నింటికి వత్తురు. కామందు మంచము వాల్చి, మజ్జిగ యిచ్చి, ముఠా మేస్త్రీకి కబురంపును. స్త్రీలను గట్టుపై వరుసగా నిలువబెట్టి 'పాడుడు' అనును. వారు సిగ్గుపడి, దేవుని పాట యొకటి, సినిమా పాట యొకటి పాడి విడుతురు. నాట్లపాట నాటు చేతితో గూడియున్నది. చేయి యాడనిదే పాట నడువదు. అంతకు మించి, కామందు గట్టుపై నిలిచియున్నంతసేపు కొన్ని పాటలు పైకి రావు. కూలి చాలమిని గూర్చి, ఎండను గూర్చి, మేస్త్రీ జబర్దస్తీని గూర్చి, ఒక్కొక్కప్పుడు కామందును గూర్చియే వారు పాడుకొను పాటలు గలవు. అవి వినవలెనన్నచో మనము గట్టు దిగి యింటికి రావలయును. అట్టి పాట రేపు పెట్టెలోనుండి వినబడినప్పుడు కోపగింపకుండ వినవలయును. ఇది మనకు కొంచెము కష్టమే. కాని మనకు నచ్చిన పాటనే యుంచి, నచ్చనిదానిని త్రోసివేసినచో, తాలును చెఱుగుచు గింజను గూడ పాఱబోసినట్లగును.

వాటా సంగతియు నట్టిదే. పాట నిలిపి వినిపింపుమనిన గంటకు కూలి యియ్యవలెను; పని నిలిచినను వారి దినము నిలువదు గదా. పాడినవారి యనుమతి లేక పాటను ఎవరికిని పంపరాదు. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టమును. మన దేశపు కాపీరైటు చట్టమున 1994 సవరణముచే ప్రదర్శకుల హక్కు చేరినది. పాడినవారికి తమ గానముపై నేడు ఏబది యేండ్ల హక్కు గలదు. చదువురాని స్త్రీ పాడినను విద్వాంసుడు పాడినను ఆ హక్కు ఒక్కటే. పాడినది మరల ఆమెకు వినిపింపవలెను. ఆమె కోరినచో నకలు ఆమె యింటికి చేరవలెను. 'ఈ భాగము తీసివేయుడు' అనినచో తీసివేయవలెను. సంఘమున వాటా చెల్లించిన సభ్యునకు లాభము పంచనిచో మనమెంత గొడవ చేయుదుమో తలచుకొన్నచో ఈ ధర్మము సులభముగా బోధపడును.

పట్టణపు సంఘములు వచ్చువఱకు మనమాగనక్కఱలేదు. నేడు ఇంటింట సెల్‌ఫోను గలదు. అందు శబ్దమును పట్టు సాధనమును గలదు. పద్ధతి మాత్రము తెలిసికొనవలయును. గాలి యెదురుగా గొట్టినచో పాట బదులు బుసయే వినబడును. కావున గాలికి వీపుపెట్టి, ఫోనుపై పలుచని గుడ్డ కప్పి పట్టుకొనుడు. చేతిలో కదలింపక గట్టుపై మెత్తని కండువా మీద నుంచుడు. మీరు మాటాడకుడు. పాట ముగియగానే ఆపక, మఱి రెండు మూడు నిమిషములు నడువనిండు. ముఖ్యమైన మాటలు తఱచు అప్పుడే వచ్చును. సాధ్యమైనచో కుదింపని రూపమున నిలుపుడు. సెకనునకు 44,100 మారులు శబ్దమును కొలుచు ఉత్తమరూపము నిమిషమునకు సుమారు 10 మెగాబైట్ల చోటు తినును. కుదించిన రూపమునకు అందు పదియవవంతు చాలును. కుదించినది మరబట్టిన తెల్లబియ్యము వంటిది. తినుటకు బాగుండును, కాని తవుడు పోయినది మరల రాదు. విత్తుటకు దంపనిదే కావలెను.

తరువాత చీటి. పాట ముగిసిన పిమ్మట అదే యంత్రమున మీ నోటితోనే చెప్పుడు: తేది, వేళ, ఊరు, పొలము పేరు, జరుగుచున్న పని, పాడినవారి పేర్లు వారు చెప్పుమనినట్లు, ఆ పాట ఎవరివద్ద నేర్చిరో, పట్టినవారి పేరు, పాడినవారి యనుమతి. అదే సంగతిని పుస్తకమున వ్రాసి సంఖ్య వేయుడు. పిమ్మట మూడు నకళ్లు మూడు చోట్ల నుంచుడు: ఒకటి పాడినవారి యింట, ఒకటి సంఘపు కార్యాలయమున, ఒకటి దూరమున మఱియొకచోట. నిప్పుకు, వరదకు వెఱచి విత్తనమును రెండిండ్లలో దాచు పెద్దల తెలివి యిదియే. దూరపు చోటు కావలెనన్నచో, భారతదేశపు గానసంప్రదాయముల శబ్దభాండారమొకటి 1982 లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారిచే స్థాపింపబడి, నేడు హర్యానాలోని గుడ్‌గావ్‌న నున్నది. పక్షికూతలకైనచో 2005 లో నెదర్లాండ్సున ఆరంభింపబడిన జెనో-కాంటో యను అంతర్జాల భాండారము గలదు; పట్టినవాని పేరు, చోటు, తేది లేక అందు కూత చేరదు. చీటి యావశ్యకతను లోకమంతయు నొప్పుకొన్నది.

వేమూరు మండలమిపుడు బాపట్ల జిల్లాలోనిది. 2022 ఏప్రిలు 4 వఱకు గుంటూరు జిల్లాలోనిది. జిల్లాల పేర్లు మాఱినను కాగితములందు గుఱుతులుండును. గూడ పాటకు, కుంచపు లెక్కకు అట్టి కాగితములేవియు లేవు. అవి కొందఱు వృద్ధుల గొంతుకలలో మాత్రమే యున్నవి. సభ్యులలో ప్రతియొక్కరును తమ యింటనో, తమ పొలమున పనిచేయువారిలోనో గూడ వేసిన, కుంచము కొలిచిన, బంతి తోలిన వృద్ధులెవరున్నారో విచారించి, వచ్చు నాట్ల కాలమునకు ముందే వారివద్ద గూర్చుండి, వారి యనుమతితో వినవలెనని మా ప్రార్థన. ఈ యేడు ఊరికి మూడు పాటలు చాలును. మూడింటికిని చీటి యుండవలెను. పాడినవారి యింటికి నకలు చేరవలెను. ఆ రెండును జరిగినచో మిగిలినవి తామే వచ్చును.